ఒక్కరినీ వదలని లెక్క

గోదావరిఖనిలో బాయి, అంటే గని, తవ్వకముందే బొగ్గును లెక్కపెట్టేవాళ్ళు ఉంటారు. భూమిలోకి బోరు దించి, బయటికి వచ్చిన రాతి కడ్డీలను చెక్కపెట్టె అరల్లో వరుసగా పేరుస్తారు. పైన దొరికింది పైన, కింద దొరికింది కింద. ఇసుకరాయి, మట్టిరాయి, బొగ్గు, మళ్ళీ ఇసుకరాయి. ఎక్కడైనా కడ్డీ లోపలే నలిగి పైకి రాకపోతే ఆ మేర ఒక చెక్కముక్క పెట్టి, ఇక్కడ ఇంత పోయింది అని దాని మీద రాస్తారు. పోయినదాన్ని కూడా పోయినట్టు చూపిస్తేనే మిగతా లెక్కకు నిజాయితీ ఉంటుంది. సర్వే సెక్షన్‌లో ఉద్యోగమంతా గడిపిన నాకు పనితనం అంటే మొదట గుర్తొచ్చేది ఆ చెక్కముక్కే.

కోర్ బాక్సులు అనే ఆ చెక్కపెట్టెల నుంచి బొగ్గు నిల్వ లెక్క కట్టడానికి మన దేశంలో దశాబ్దాలపాటు వాడిన పద్ధతి ఒకటుంది. బోరు చుట్టూ 200 మీటర్లలోపు ఉన్న బొగ్గు ప్రూవ్డ్, అంటే రుజువైనది. అక్కడి నుంచి కిలోమీటరు దాకా ఉన్నది ఇండికేటెడ్, జాడ తెలిసినది. ఒకటి నుంచి రెండు కిలోమీటర్ల మధ్యది ఇన్‌ఫర్డ్, ఊహకు అందినది. మూడూ అంచనాలే. ఏ అంచనా మీద ఎంత బరువు మోపవచ్చో పక్కనే రాసి ఉంటుంది గనుక, ఆ కాగితాన్ని నమ్మి మనుషులు వందల అడుగుల లోతుకు దిగుతారు.

రిటైరయ్యాక ఈ కోర్ బాక్సును మళ్ళీ గుర్తుకు తెచ్చిన పట్టిక ఒకటి నా కంటబడింది. అందులో బొగ్గు లేదు, ఆడపిల్లలు ఉన్నారు. ప్రపంచ బ్యాంకు విద్యా గణాంకాల్లో ఉన్న ఆ వరుసను తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: భారతదేశం, స్త్రీలు, 20 నుంచి 24 ఏళ్ళు, అసలు చదువు లేనివారి శాతం. పక్కన గడులు 2010 నుంచి అయిదేళ్ళకొకటి చొప్పున 2100 దాకా సాగుతాయి. మొత్తం 19 గడులు. ఇంకా పుట్టని పిల్లల చదువును కూడా గడిలో వేసి చూపించే ధైర్యం ఆ వరుసకు ఉంది. ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలని దాని వెనకాల ఉన్న పనిని చదువుతూ పోయాను. చదివినకొద్దీ ఆ పని చేసినవాళ్ళ మీద గౌరవం పెరిగింది. ఆ పనితనాన్ని మన వాళ్ళకు పరిచయం చేయడమే ఈ వ్యాసం.

ఈ లెక్క ఆస్ట్రియాలో, వియన్నా నగరం పక్కన ఉన్న లాక్సెన్‌బర్గ్‌లో రూపు దిద్దుకుంది. అక్కడి ఐఐఏఎస్ఏ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థలో 1970ల్లో ఆండ్రే రోజర్స్ అనే శాస్త్రజ్ఞుడు ఒక గణిత పద్ధతిని పెంచి పోషించాడు. జనం ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి వలసపోతుంటే రెండు ప్రాంతాల జనాభానూ ఒకేసారి ముందుకు ఎలా లెక్కించాలన్నది ఆయన ప్రశ్న. ఆ తర్వాత వోల్ఫ్‌గాంగ్ లుట్జ్, ఆన్ గుజోన్, నేపాల్‌కు చెందిన సమీర్ కేసీ మొదలైనవాళ్ళు ఆ పద్ధతిని చదువుకు అన్వయించారు. ఊరి నుంచి ఊరికి వెళ్ళడానికి బదులు, బడి లేని స్థితి నుంచి ప్రాథమిక విద్యకు, అక్కడి నుంచి పై చదువుకు వెళ్ళడం. 2010 తర్వాత విట్‌గెన్‌స్టైన్ సెంటర్ పేరుతో వియన్నాలో ఈ పని ఒక గూటికి చేరింది. 2014లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా ఒక పెద్ద గ్రంథం వచ్చింది. నూట తొంభైకి పైగా దేశాలు, అయిదేళ్ళ వయసు అంతరాలు, స్త్రీ పురుషులు, ఆరు చదువు మెట్లు. ఆ ఆరింటిలో అట్టడుగు మెట్టు: అసలు చదువు లేనివారు.

ఈ పని లోపల ఎలా నడుస్తుందో చూడాలంటే పెద్ద అంకెలు వదిలి, చేత్తో వేసుకోగలిగే చిన్న లెక్క ఒకటి వేసుకుందాం. ఇవి ఉదాహరణ కోసం నేను అనుకున్న అంకెలు. 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళు వెయ్యి మంది ఉన్నారు. వాళ్ళలో 300 మంది బడి మొహం చూడలేదు. అయిదేళ్ళు గడిచాయి. చదువు లేనివాళ్ళలో వెయ్యికి 990 మంది, చదువుకున్నవాళ్ళలో వెయ్యికి 995 మంది బతికి ఉన్నారనుకుందాం. ఇప్పుడు 25 నుంచి 29 ఏళ్ళ గడిలో చదువు లేనివాళ్ళు 297 మంది, చదువుకున్నవాళ్ళు 696 మందికి కొంచెం పైన. శాతం చూస్తే 30 నుంచి 29.9కి తగ్గింది. అంటే దాదాపు కదల్లేదు. ఇరవై దాటిన మనిషి బడికి వెళ్ళడం చాలా అరుదు గనుక, ఆ జట్టు తన చదువును, చదువులేమిని మోసుకుంటూనే వయసులో ముందుకు నడుస్తుంది.

ఇంతలో వెనక నుంచి కొత్త జట్టు 20–24 గడిలోకి వచ్చింది. ఈ వెయ్యిలో బడి లేనివాళ్ళు 150 మందే. ఆ గడిని మాత్రమే చూసేవాడికి అయిదేళ్ళలో సమస్య 30 శాతం నుంచి 15 శాతానికి, అంటే సగానికి పడిపోయినట్టు కనిపిస్తుంది. రెండు గడులనూ కలిపి చూసినవాడికి 447 మంది కనిపిస్తారు, అంటే 22.4 శాతం. చూపు ఒకే గడి మీద పెట్టినా, ఈ పద్ధతి మాత్రం ఆ 297 మందిని ఎక్కడా జారవిడవదు. తర్వాతి అయిదేళ్ళకు వాళ్ళను 30–34 గడిలో, ఆ తర్వాత 35–39 గడిలో, అలా చివరి మనిషి కన్నుమూసేదాకా వెంట నడుస్తుంది. సగటు అంకె ముఖాలను కలిపేస్తుంది. ఈ లెక్క ప్రతి ఈడు జట్టునూ విడిగా ఉంచి, చేయి పట్టుకుని నడిపిస్తుంది. నన్ను కట్టిపడేసిన పనితనం ఇదే.

ఆ 297 మంది లాంటి ఒకామెను నేను చూశాను. నవంబరు నెలలో ఓ రోజు బ్యాంకుకు వెళ్తే, పింఛను కోసం తాను బతికే ఉన్నానని రుజువు చేసుకోవడానికి వచ్చిన ఒక అవ్వ నా పక్కన నిలబడింది. భర్త బాయిలో కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గెత్తిన తరం. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

"ఏలు ఏడ పెట్టాలె బిడ్డా?" అని కౌంటరు దగ్గరి పిల్లను అడిగింది.

"గీడ అవ్వా. జర గట్టిగ అద్దు." మిషను ఎర్ర లైటు చూపించింది. "పడ్తలేదు. ఇంకో ఏలు పెట్టు."

ఆమె బొటనవేలు నునుపుగా అరిగిపోయి ఉంది. కలుపు తీసి, పిడకలు చేసి, గిన్నెలు తోమి గీతలు చెరిగిపోయిన వేలు. నాలుగో వేలికి పచ్చ లైటు వెలిగింది. ఫారం నింపుతూ ఆ అమ్మాయి వయసు అడిగితే అవ్వ కాసేపు ఆలోచించి అంది: "ఎనభై ఆరుల గోదారి ఒచ్చినప్పుడు నా పెద్దబిడ్డ చంకల ఉండె. గప్పుడు నాకు ఇర్వై రెండో, ఇర్వై మూడో. లెక్క నువ్వే కట్టుకో బిడ్డా."

లెక్క నేను కట్టుకున్నాను. 1986 ఆగస్టు గోదావరి వరద ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోని గుర్తు. అప్పుడు ఇరవై రెండు, ఇరవై మూడు ఏళ్ళంటే ఆమె 1960ల మొదట్లో పుట్టింది. 1985 గడిలో ఆమె 20–24 ఈడు పిల్ల. 2025 గడిలో 60–64. నలభై ఏళ్ళలో ఆమె ఎనిమిది గడులు దాటింది. దాటిన ప్రతి గడిలోనూ ఆమె చదువు మెట్టు ఒక్కటే.

వయసు చెప్పడంలో ఆమెకు కలిగిన ఆ తడబాటే ఈ పట్టిక తయారుచేసేవాళ్ళకు మొదటి పరీక్ష. మన జనాభా లెక్కల్లో వయసులన్నీ ఇరవై, ఇరవై అయిదు, ముప్పై అనే గుండ్రటి అంకెల దగ్గర కుప్ప పడతాయి. పుట్టిన తేదీ కాగితం మీద లేనివాళ్ళు, ముఖ్యంగా చదువు లేనివాళ్ళు, ఎక్కువగా ఇలాంటి అంకెలే చెబుతారు. ఆ కుప్పలను సరిదిద్దకుండా వాడితే ఒక గడిలో జనం ఉబ్బిపోతారు, పక్క గడిలో తరిగిపోతారు. వరద, కరువు, ఎన్నికలు వంటి గుర్తులతో వయసు రాబట్టే ఎన్యుమరేటరు దగ్గరే ఈ పనితనం మొదలవుతుంది. వియన్నాలో కంప్యూటరు ముందు కూర్చున్నవాడు చేసేది ఆ పని కొనసాగింపు. మధ్యలో ఏ చెయ్యి అజాగ్రత్తగా ఉన్నా కోర్ బాక్సులో ముక్క తారుమారైనట్టే.

ముందుకు నడిచే ఈ పద్ధతి వెనక్కి కూడా నడుస్తుంది. 2000 నాటి లెక్కల్లో 55–59 ఏళ్ళున్న ఆడవాళ్ళు 1970లో 25–29 ఏళ్ళ వాళ్ళు. వాళ్ళ చదువు అప్పుడెంతో ఇప్పుడూ అంతే. అయితే ఒక చిక్కు ఉంది. చదువుకున్నవాళ్ళు కాస్త ఎక్కువ కాలం బతుకుతారు గనుక, 2000లో మిగిలినవాళ్ళలో చదువుకున్నవాళ్ళ వాటా 1970లో ఉన్నదానికంటే కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. మధ్యలో చనిపోయిన చదువులేని ఆడవాళ్ళను మళ్ళీ లెక్కలోకి తెచ్చుకోవాలి. లుట్జ్, గుజోన్, సమీర్ కేసీ, శాండర్సన్ కలిసి 2007లో 120 దేశాలకు 1970 నుంచి 2000 దాకా ఇలా గతాన్ని తిరిగి కట్టారు. పోయినచోట చెక్కముక్క పెట్టి, ఇక్కడ ఇంత పోయింది అని రాయడం అంటే ఇదే. చనిపోయిన నిరక్షరాస్య స్త్రీలకు కూడా లెక్కలో చోటు దక్కింది.

ఇక ముందుకు వెళ్ళే దారిలో అసలు కష్టం కొత్తగా వచ్చే జట్లది. 20–24 గడిలోకి రాబోయే అమ్మాయిల్లో ఎందరు బడికి వెళ్ళి ఉంటారు? ఇక్కడ వీళ్ళు మెట్ల లెక్క వాడతారు. ఒక ఈడు పిల్లల్లో బడిలో అడుగుపెట్టినవాళ్ళు ఎందరు, అడుగుపెట్టినవాళ్ళలో ప్రాథమిక విద్య పూర్తిచేసినవాళ్ళు ఎందరు, వాళ్ళలో పై మెట్టుకు ఎక్కినవాళ్ళు ఎందరు అని ప్రతి మెట్టునూ విడిగా చూస్తారు. గతంలో ఆ వాటాలు ఎలా పెరిగాయో గమనించి, అదే ఒరవడిని ముందుకు సాగిస్తారు. ఆ ఒరవడి తిన్నని గీతలా ఉండదు. మొదట నెమ్మదిగా, మధ్యలో జోరుగా, చివర మళ్ళీ నెమ్మదిగా కదులుతుంది.

ఈ వంపు మన దేశపు అంకెల్లోనే కనిపిస్తుంది. స్త్రీల అక్షరాస్యత 1951లో 8.86 శాతం. 1961లో 15.35, 1971లో 21.97, 1981లో 29.76, 1991లో 39.29, 2001లో 53.67, 2011లో 64.63. మొదటి మూడు లెక్కలు అయిదేళ్ళు దాటినవాళ్ళవి, తర్వాతివి ఏడేళ్ళు దాటినవాళ్ళవి. ఆ తేడా గుర్తుంచుకునే చూద్దాం. పదేళ్ళ పెరుగుదల ఆరున్నర దగ్గర మొదలై, ఎనిమిదికి, తొమ్మిదిన్నరకు చేరి, 1991–2001 మధ్య 14కు పైగా ఎగిసింది. ఆ తర్వాతి పదేళ్ళలో 11కు దిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పెరుగుదల ఇంకా ఎక్కువ. 1991లో 32.72 శాతంగా ఉన్న స్త్రీల అక్షరాస్యత 2001 నాటికి 50.43కు చేరింది. పదేళ్ళలో 17.7 పాయింట్లు.

ఆ అంకె వెనక మనుషులున్నారు. 1988లో జాతీయ సాక్షరతా మిషన్ వచ్చాక మన దగ్గర అక్షర జ్యోతి రాత్రి బడులు వెలిగాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అలాంటి బడికి వచ్చిన ఆడవాళ్ళే సారా మీద తిరగబడి, 1992లో రాష్ట్రమంతా కదిలేలా చేశారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి పనిలో ఉన్న పిల్లలను పొలాల నుంచి, పశువుల వెనక నుంచి బడికి తెచ్చింది. బడికి వెళ్ళని ప్రతి బిడ్డా బాల కార్మికురాలే అన్నది వాళ్ళ మాట. 1971లో సర్వేలులో మొదలైన గురుకులాల బాట, 2003లో మన బడుల్లో వేడి వేడిగా వడ్డించడం మొదలైన మధ్యాహ్న భోజనం, 2004లో వచ్చిన కస్తూర్బా బాలికా విద్యాలయాలు, 2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, ఒక్కొక్కటీ ఒక్కో ఈడు జట్టును పట్టుకుని ఆ మెట్టు ఎక్కించాయి. పట్టికలో వంపుగా కనిపించేది నిజానికి ఇంతమంది చేతుల పని.

చివర్లో వేగం తగ్గడానికీ కారణం ఉంది. మిగిలిపోయేవాళ్ళు బడికి అందరికంటే దూరంగా ఉన్నవాళ్ళు. పెద్దపల్లి చుట్టుపక్కల ఇటుక బట్టీలకు ఏటా ఒడిశా నుంచి కుటుంబాలు వస్తాయి. అక్కడ ఇటుక తిరగేసే పదేళ్ళ పిల్ల ఏ రాష్ట్రపు గడిలో ఉంది? ఊర్లో బడి రిజిస్టరులో పేరు ఉంటుంది, మనిషి ఇక్కడ ఉంటుంది. ఆమె చదివే భాష వేరు, చుట్టూ ఉన్న భాష వేరు. ఆమెను గడిలోకి సరిగ్గా తేవడం లెక్క కట్టేవాళ్ళకు ఎంత కష్టమో, బడిలోకి తేవడం పంతులమ్మకు అంతకంటే కష్టం.

అందుకే 2018లో సమీర్ కేసీ, లుట్జ్, మరో ఇద్దరు సహచరులు కలిసి భారతదేశం మీద ప్రత్యేకంగా చేసిన పని నాకు మరీ నచ్చింది. దేశమంతటినీ ఒకే ముద్దగా చూడకుండా 35 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలుగా, మళ్ళీ పల్లె, పట్నంగా విడదీసి, ఒక్కోదానిలో వయసు, స్త్రీ పురుషులు, చదువు మెట్లు పెట్టి ఈ శతాబ్దం చివరిదాకా లెక్కించారు. ఏ తేడాలను లెక్కలోకి తీసుకున్నామన్నదాన్ని బట్టి దేశ భవిష్యత్ జనాభాయే మారిపోతుందని చూపించారు. కారణం తేటగానే ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం చదువు లేని స్త్రీకి సగటున 2.8 మంది పిల్లలు, పన్నెండేళ్ళు, ఆపైన చదివిన స్త్రీకి 1.8. అంటే చదువు లేని యువతుల గడిలో ఎందరున్నారన్నది రేపు పుట్టబోయే వాళ్ళ సంఖ్యను కూడా నిర్ణయిస్తుంది. ఆ లెక్కకు పునాది 2011 నాటి జనగణన గనుక, అందులో మన గోదావరిఖని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గడిలో ఉంది. ప్రభుత్వం తరఫున నిపుణుల బృందం 2011 నుంచి 2036 దాకా రాష్ట్రాలవారీగా వేసిన అధికారిక అంచనాల్లో తెలంగాణ విడిగా కనిపిస్తుంది, అయితే అందులో చదువు మెట్లు లేవు. ఈ రెండు పనులనూ ఒకచోట చేర్చి, మన తెలంగాణను జిల్లాల దాకా విడదీసి చదువు మెట్లతో ముందుకు నడిపించే పట్టిక మన విశ్వవిద్యాలయాల్లో తయారు కావాలని నా గట్టి కోరిక.

ఈ పట్టికకూ మన బొగ్గుకూ నేను ఊహించని బంధం ఒకటి ఉంది. వాతావరణ మార్పుల మీద ప్రపంచమంతా ఆధారపడే ఐపీసీసీ నివేదికల్లో ఎస్ఎస్‌పీ అనే అయిదు భవిష్యత్ దారులు వాడతారు. ఆ దారుల్లో మనుషుల భాగం, అంటే వయసు, స్త్రీ పురుషులు, చదువు, ఈ వియన్నా బృందం కట్టిందే. వాటిలో చదువు వేగంగా పెరిగే దారి ఒకటి, మామూలుగా సాగే దారి ఒకటి, ఎక్కడికక్కడ ఆగిపోయే దారి ఒకటి. రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ పొగగొట్టాల నీడలో బతికిన నాకు ఇది తెలిసిన రోజు చాలాసేపు నిద్ర పట్టలేదు. భూమి ఎంత వేడెక్కుతుందన్న లెక్కలోనూ, ఆ వేడిని మనుషులు ఎలా తట్టుకుంటారన్న లెక్కలోనూ బట్టీ దగ్గర ఇటుక తిరగేసే ఆ ఆడపిల్ల ఒక అంకెగా ఉంది.

ఆ మూడు దారుల్లో ఆగిపోయే దారిని జాగ్రత్తగా చూడాలి. బడికి వెళ్ళేవాళ్ళ వాటా ఇవాళ్టి దగ్గరే నిలిచిపోయినా, దేశం మొత్తం మీద సగటు చదువు ఇంకా కొన్ని దశాబ్దాలు పెరుగుతూనే ఉంటుంది. ఎందుకంటే చదువు లేని అవ్వలు ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటారు, వాళ్ళకంటే కాస్త ఎక్కువ చదివినవాళ్ళు ఆ గడుల్లోకి వస్తుంటారు. 1965లో నార్మన్ రైడర్ అనే సామాజిక శాస్త్రవేత్త తరాలు మారడం వల్లనే సమాజం మారుతుందన్న ఆలోచనకు పునాది వేశాడు. లుట్జ్ దాన్ని జనాభా జీవక్రియగా ఈ లెక్కలోకి తెచ్చాడు. అందువల్ల సగటు పెరిగిందని సంబరపడే ముందు 20–24 వరుసను విడిగా చూడాలి. ఇప్పుడు మనం చేస్తున్న పని ఫలితం కనిపించేది అక్కడే. మిగతా గడుల్లో కనిపించేది మన పెద్దలు చేసిన పని, చేయకుండా వదిలిన పని.

బొగ్గు బెల్టులో ఆ వరుసకు ఎంత బరువుందో చెప్పడానికి ఒక్క మాట చాలు. 1952 నాటి గనుల చట్టం 46వ సెక్షను ఆడవాళ్ళను భూగర్భ గనుల్లో పనికి నిషేధించింది. 2019లో కేంద్రం ఆ నిబంధనను సడలించి, సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజ్‌మెంట్ పనులకు ఆడవాళ్ళు పగటి వేళల్లో భూగర్భంలోకి వెళ్ళవచ్చని అంది. ఎన్నో దశాబ్దాలు మూసి ఉన్న తలుపు తెరుచుకుంది. ఆ తలుపు డిప్లొమా, డిగ్రీ చేతిలో ఉన్న అమ్మాయికే తెరుచుకుంది. భర్త పోయాక డిపెండెంట్ ఉద్యోగంలో చేరిన ఆడవాళ్ళను నేను చాలామందిని చూశాను. వాళ్ళలో ఇద్దరు ఒకే రోజు జనరల్ మజ్దూర్‌గా మస్టర్ పడినా, పదో తరగతి చదివినామె పరీక్ష రాసి పదేళ్ళకు ఆఫీసులో కూర్చుంది. వేలిముద్ర వేసినామె ఎండలో రాళ్ళు ఏరుతూనే రిటైరయింది. చదువు మెట్టు ఒకసారి నిలిచిపోతే జీవితాంతం దాన్ని మోయాలన్న ఆ లెక్క సూత్రాన్ని నేను బాయి గడప దగ్గరే చూశాను.

ఈ పనితనాన్ని మెచ్చుకుంటూనే, దాని హద్దును కూడా గౌరవంగా చెప్పాలి. ఈ మెట్లు బడిలో ఎంత దూరం నడిచారో చెబుతాయి, అక్కడ ఏం నేర్చుకున్నారో చెప్పవు. అయిదో తరగతి పూర్తిచేసి కూడా రెండో తరగతి పాఠం కూడబలుక్కునే పిల్లల గురించి ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ నివేదికల్లో చెబుతూనే ఉంది. వియన్నా బృందం కూడా ఆ లోటును గుర్తించి, 2021లో నైపుణ్యాలను కలుపుకుని చదువును కొలిచే లెక్కను ముందుకు తెచ్చింది. తమ పనిలో ఖాళీ ఎక్కడుందో తామే చూపించి పూడ్చుకునే ఈ తత్వం నాకు కోర్ బాక్సులోని ఆ చెక్కముక్కనే గుర్తుచేసింది. ఇంకో పెద్ద ఖాళీ మన వైపు ఉంది. 2021లో జరగాల్సిన జనగణన ఆగిపోయింది. కొత్త లెక్క 2027 మార్చి 1 నాటి పరిస్థితిని పట్టుకుంటుంది. పదహారేళ్ళుగా కొత్త బోరు పడని పొలంలో బొగ్గు పొర మందం ఎంతో ఎవరు మాత్రం ఖాయంగా చెప్పగలరు? ఆ లెక్క వచ్చినప్పుడు ఎన్యుమరేటరు అడిగే చదువు ప్రశ్నకు మన ఇళ్ళలో నిదానంగా, నిజంగా జవాబు చెప్పాలి.

ఇప్పుడు ఆ 19 గడుల వరుసను మళ్ళీ బొగ్గువాళ్ళ కళ్ళతో చదువుదాం. 2030 గడిలో 20–24 ఏళ్ళ అమ్మాయిలు 2006 నుంచి 2010 మధ్య పుట్టినవాళ్ళు. వాళ్ళు బడిలో చేరారో లేదో ఎప్పుడో తేలిపోయింది. ఆ గడి ప్రూవ్డ్. 2040 గడిలో పడేవాళ్ళు 2016 నుంచి 2020 మధ్య పుట్టారు. ఈ పొద్దున కొందరు సింగరేణి ఎడ్యుకేషనల్ సొసైటీ బడి బస్సెక్కారు, కొందరు సర్కారు బడికి నడిచారు, కొందరు బట్టీ దగ్గర తమ్ముడిని చంకనెత్తుకుని ఉన్నారు. ఆ గడి ఇండికేటెడ్. జాడ తెలుస్తోంది, చెయ్యి వేస్తే మారుతుంది. 2050 గడిలోని ఆడపిల్లలు ఇప్పుడిప్పుడే పుడుతున్నారు, ఇంకా పుట్టబోతున్నారు. ఆ గడీ, దాని వెనకాల ఉన్న మిగతావీ ఇన్‌ఫర్డ్. బొగ్గు విషయంలో ఇన్‌ఫర్డ్ నిల్వను ప్రూవ్డ్ చేయాలంటే ఇంకో బోరు వేస్తారు. బోరు వేసినా భూమిలో ఉన్న బొగ్గు పెరగదు, తగ్గదు. ఆడపిల్లల విషయంలో మాత్రం మనం చేసే పని ఆ అంకెనే మార్చేస్తుంది.

ఆ రోజు బ్యాంకులో పని పూర్తయ్యాక అవ్వ మెట్లు దిగుతుంటే చెయ్యి అందించాను. కింద మనవరాలు ఎదురుచూస్తోంది, స్కూలు డ్రెస్సులో. రసీదు తీసుకుని మనవరాలు పైకి చదివింది. అవ్వ పేరు, తేదీ, కింద ఇంగ్లీషులో ఏదో ఒక వాక్యం. అవ్వ ఆ కాగితాన్ని తీసుకుని, తలకిందులుగా పట్టుకుని, కాసేపు చూసి, మళ్ళీ పిల్ల చేతికిచ్చింది.

"నువ్వే దాసిపెట్టు బిడ్డా. నీకు తెలుస్తది."

2030లో ఆ అవ్వ 65–69 గడిలో ఉంటుంది. ఆ పట్టిక ఆమెను అక్కడా లెక్కపెడుతుంది. ఆమె మనవరాలు 2040 గడిలో 20–24 ఏళ్ళ అమ్మాయి, పై మెట్లలో ఎక్కడో. ఆ ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చౌరస్తా వైపు నడిచి వెళ్ళారు.